నర్సమ్మ చేతిపని

బరువు, బీపీ, రక్తం, మూత్రం, పొట్ట. ఊరి సబ్ సెంటర్లో గర్భిణికి ప్రతిసారీ చేసే పరీక్షలు ముఖ్యంగా ఈ ఐదే. తూకం మిషను తప్ప మిగతా సరంజామా అంతా ఒక చేతిసంచిలో పట్టేస్తుంది. పట్టీతో బీపీ మిషను, కుట్టుపనివాళ్ళ దగ్గర ఉండేలాంటి టేపు, వేలికి గుచ్చే సూది, మూత్రంలో ముంచే కాగితపు పుల్లలు. ఒక్కో మనిషికి పావుగంటకి మించి పట్టదు. బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారు "అప్పుడే అయిపోయిందా?" అని అడిగితే ఆవిడ తప్పేం లేదు. తెర మీద బొమ్మ కనబడలేదు, ఇంజెక్షన్ పడలేదు, పెద్ద డాక్టరు రాలేదు.

ఆ పావుగంటని మంచి చేతులు ఎలా వాడుకుంటాయో దగ్గరగా నిలబడి చూస్తే మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది. గోదావరి డెల్టాలో, రాజమండ్రి దిగువన కాలవగట్ల మీద ఊళ్ళలో, ఇటు కోనసీమ లంకల్లో, అటు భీమవరం, నరసాపురం వైపు, ఈ పని ఎక్కువగా చేసేది ఏఎన్ఎం. ఊరికి ఆవిడ నర్సమ్మ. ఏ ఒక్క పరీక్షా ఆవిడకి మాత్రమే తెలిసిన విద్య ఏం కాదు. నేర్పితే పదోతరగతి పిల్లయినా బీపీ చూడగలదు. అసలు పనితనమంతా ఈ నెల కొలతని కిందటి నెల కొలత పక్కన పెట్టి చదవడంలో ఉంది.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో రేడియోలో విన్నాక ఇక్కడ ఎవరూ అక్కడితో ఊరుకోరు. "పెరుగుతోందా, తగ్గుతోందా?" అని అడుగుతారు. మొదటి హెచ్చరిక ఎగరేసే 11.75 అడుగుల మట్టం వరద ఎక్కేటప్పుడూ వస్తుంది, దిగేటప్పుడూ వస్తుంది. ఒకదానికి సామాను సర్దుకోవాలి, రెండోదానికి ఇల్లు కడుక్కోవాలి. గర్భిణి కార్డు మీది అంకెల్ని కూడా నర్సమ్మ ఆ కళ్ళతోనే చూస్తుంది.

ఎన్నిసార్లు, ఎప్పుడు

కడుపుతో ఉన్న మనిషిని, ఏ జబ్బూ లేకపోయినా, వరసగా పిలిచి చూడాలన్న ఆలోచన మరీ పాతదేం కాదు. 20వ శతాబ్దం మొదట్లో ఎడిన్‌బరో వైద్యుడు జాన్ విలియం బాలన్‌టైన్ కాన్పుకి ముందు సంరక్షణ కోసం పట్టుబట్టి వాదించాడు. 1929లో బ్రిటన్ ఆరోగ్యశాఖ ఒక పట్టిక ఇచ్చింది. 16 వారాలకి, 24కి, 28కి, తరవాత 36 దాకా పదిహేను రోజులకోసారి, అక్కణ్ణుంచి వారానికోసారి చూడాలంది. దాదాపు వందేళ్ళవుతున్నా ప్రపంచంలో చాలా ఆసుపత్రుల పట్టికలకి మూలం అదే.

మన దేశంలో ప్రభుత్వం కనీసం నాలుగుసార్లు చూడాలంటుంది. 12 వారాల లోపు ఒకసారి, 14–26 వారాల మధ్య ఒకసారి, 28–34 మధ్య ఒకసారి, 36 నుంచి కాన్పు లోపు ఒకసారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఈ సంఖ్యని ఎనిమిదికి పెంచమని సిఫారసు చేసింది. 12, 20, 26, 30, 34, 36, 38, 40 వారాలు. ఈ వరసలో మొదట్లో ఎడం ఎక్కువ, చివర్లో తక్కువ. ప్రమాదాలు చివరి మూడు నెలల్లో తొందరగా ముదురుతాయి కాబట్టి చూపు కూడా అప్పుడు దగ్గరపడాలి. మొదటి చూపు మాత్రం తొందరగా పడాలి. మిగతా అంకెలన్నీ ఆ రోజు అంకెతోనే పోల్చాలి మరి.

తేదీ రాబట్టడం

నెల తప్పిందని తెలియగానే ఆశా కార్యకర్త చెవిన వేస్తే పేరు నమోదవుతుంది. మొదటి రోజు జరిగే పనుల్లో అన్నిటికంటే విలువైనదానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఆఖరిసారి బయట చేరిన మొదటి రోజు ఏదో కనుక్కోవాలి, అంతే.

అడగ్గానే వచ్చే జవాబు "పోయిన నెల్లోనండి" అనో, "పదో తారీకు అనుకుంటానండి" అనో ఉంటుంది. చేయి తిరిగిన నర్సమ్మ దాన్ని వెంటనే కార్డులో ఎక్కించదు. "సంక్రాంతికి ముందా, తరవాతా? కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళావా? అప్పటికి స్నానం అయిపోయిందా?" అని తవ్వుతుంది. ప్రభల తీర్థానికి అందరూ వెళితే తను ఇంట్లో ఉండిపోయిన సంగతి ఏ ఆడపిల్లా మర్చిపోదు. అంతర్వేది కల్యాణం, అట్లతద్ది, ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షను, ఏదో ఒకటి దొరుకుతుంది. నెలసరి సరిగ్గా వచ్చేదా, అంతకుముందు మాత్రలేమైనా వాడిందా అన్నవి కూడా అడిగాకే తేదీ ఖాయమవుతుంది.

ఆ తేదీకి 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ. జర్మన్ వైద్యుడు నేగెలె పేరు మీద రెండు శతాబ్దాలుగా నడుస్తున్న లెక్క ఇది. 2024 దీపావళి రోజున, అంటే అక్టోబర్ 31న, బయట చేరిన అమ్మాయికి 2025 ఆగస్టు 7 వస్తుంది. సరిగ్గా ఆ రోజే కనేవాళ్ళు కొద్దిమందే. రెండు వారాలు అటూఇటూ అవడం మామూలే. నెలసరి గతి తప్పేవాళ్ళకి ఈ లెక్క చెల్లదు. వాళ్ళకి మొదటి మూడు నెలల్లో తీసే స్కానింగ్ తేదీని సరిచేస్తుంది. తొలినాళ్ళ స్కానింగే వయసుని బాగా చెబుతుంది. తొమ్మిదో నెలలో తీసినది వయసు విషయంలో రెండు మూడు వారాలు తప్పచ్చు.

ఆగస్టు 7 అన్న అంకెకి డెల్టాలో ఇంకో బరువు కూడా ఉంది. అది గోదావరికి వరదలొచ్చే కాలం. కనకాయలంక కాజ్‌వే మీద నుంచి నీళ్ళు పారితే ఆ ఊరికి పడవే దిక్కు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమలో ఎన్నో లంకలు నీళ్ళలో నిలిచాయి. వరద హెచ్చరిక రాగానే లంకల్లోని నెలలు నిండిన ఆడవాళ్ళని ముందుగా ఒడ్డుకి, ఆసుపత్రి దగ్గరకి చేర్చడం ఇక్కడ ఆనవాయితీ. ఎవరిని ముందు పడవెక్కించాలో చెప్పేది నర్సమ్మ రిజిస్టర్లోని కాన్పు తేదీల పట్టీ. జనవరిలో కూర్చోబెట్టి పండగలు ఏకరువు పెట్టించిన ఓపిక ఆగస్టులో ఇలా ఉపయోగపడుతుంది.

పొట్ట మీద చేయి

ఈ పనిలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది పొట్ట పరీక్ష. "ఒంటికి వెళ్ళి రామ్మా" అనడంతో అది మొదలవుతుంది. మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి పైకి జరిగి నెల ఎక్కువ చూపిస్తుంది. వచ్చాక వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు కొంచెం మడవమంటుంది. అలా చేస్తే పొట్ట కండరం వదులవుతుంది. తను కుడిపక్కన నిలబడుతుంది. తెర లాగి ఉందో లేదో చూసుకుంటుంది. రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది. చల్లటి చేయి పడినా, వేళ్ళ కొసలతో పొడిచినా పొట్ట బిగుసుకుపోతుంది. బిగుసుకున్న పొట్ట ఏమీ చెప్పదు. అందుకే వేళ్ళని బల్లపరుపుగా ఆనించి, చేతికి తగిలేదాకా మెల్లగా దిగుతుంది.

మొదట ఎత్తు. ఎడమచేతి చిటికెన వేలి అంచుని రొమ్ము ఎముక కింద పెట్టి కిందికి జరుపుకుంటూ వస్తుంది. ఎక్కడ గట్టిగా అడ్డు తగిలితే అక్కడే గర్భసంచి పైఅంచు. మన నర్సులకి నేర్పే లెక్క ప్రకారం అది 12 వారాలకి పొత్తికడుపు ఎముక పైన లీలగా తగులుతుంది. 24 వారాలకి బొడ్డు దగ్గరకి వస్తుంది. 36కి రొమ్ము ఎముక కిందకి చేరుతుంది. 40 వారాలకి మళ్ళీ 32 వారాల మట్టానికి దిగుతుంది. ఆ దిగడాన్నే ఇంట్లో పెద్దవాళ్ళు పొట్ట జారిందంటారు. మట్టం 32దే అయినా డొక్కలు నిండుగా ఉంటే నెలలు నిండాయని నర్సమ్మకి తెలుస్తుంది. ఒకే ఎత్తుకి రెండు అర్థాలున్న చోట పక్కలు చూసి తేల్చుకోవడం పుస్తకంలో ఒక వాక్యం. చేతికి అది రావడానికి వందల పొట్టలు చూడాలి.

తరవాత టేపు. 24 వారాలు దాటాక సెంటీమీటర్లు, వారాలు ఇంచుమించు సమానంగా నడుస్తాయి. 30 వారాలకి 30 సెంటీమీటర్లు, రెండు అటూఇటూగా. శిక్షణ బాగా అందినవాళ్ళు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకుంటారు. అంకెలున్న వైపు పొట్టకి ఆనేలా టేపు పరిచి, కొలత దగ్గర గోటితో పట్టుకుని, అప్పుడు తిప్పి చదువుతారు. ముప్పై రావాలని ముందే తెలిసిన కన్ను ముప్పై దగ్గరే ఆగుతుంది. తన కంటిని తనే నమ్మకుండా టేపు బోర్లించడంలో ఎంతో వినయం ఉంది, అంతకు మించిన చాతుర్యమూ ఉంది.

కొలత తక్కువొస్తే బిడ్డ ఎదగడం లేదేమో, ఉమ్మనీరు తగ్గిందేమో, అడ్డంగా ఉందేమో. ఎక్కువొస్తే కవలలేమో, ఉమ్మనీరు ఎక్కువైందేమో, తల్లికి షుగరేమో. ఏదీ కాకపోతే మొదటి రోజు రాసిన తేదీయే తప్పేమో. ఆ తేదీ గట్టిదైతే చివరి అనుమానం పోతుంది, చూపు నేరుగా బిడ్డ మీదికి వెళుతుంది. కిందటి నెల 28, ఈ నెల 28 అని కార్డు మీద కనబడితే స్కానింగ్‌కి పంపాలి. రెండూ విడివిడిగా చూస్తే ఏ తప్పూ కనబడదు.

తరవాత నాలుగు పట్లు. 19వ శతాబ్దం చివర్లో లియోపోల్డ్ అనే జర్మన్ వైద్యుడు క్రమపరిచిన పద్ధతి ఇది. మొదటి పట్టులో రెండు చేతులూ గర్భసంచి పైభాగం మీద పెడుతుంది. గుండ్రంగా, గట్టిగా ఉండి తట్టితే తేలినట్టు కదిలితే తల. మెత్తగా, వెడల్పుగా ఉంటే పిరుదులు. రెండో పట్టులో చేతులు పక్కలకి దిగుతాయి. ఒక చేయి కదలకుండా ఆపుతుంది, రెండో చేయి తడుముతుంది. ఒకవైపు నునుపుగా సాగిపోయేది వీపు, రెండోవైపు చిన్నచిన్న బుడిపెలుగా తగిలి జారిపోయేవి కాళ్ళూ చేతులూ. మూడో పట్టులో బొటనవేలికీ వేళ్ళకీ మధ్య కింద ఏముందో చూస్తుంది. నాలుగో పట్టుకి తల్లి పాదాల వైపు తిరిగి నిలబడి, రెండు చేతులూ కిందికి జార్చి, తల కటిలోకి ఎంత దిగిందో అంచనా వేస్తుంది.

వీపు ఎటుందో తెలిస్తే గుండె చప్పుడు ఎక్కడ వినాలో తెలిసినట్టే. వీపు వైపు చప్పుడు స్పష్టంగా ఉంటుంది. ఫ్రెంచి వైద్యుడు పినార్ 1895లో తయారు చేసిన బాకా గొట్టం ఇంకా కొన్ని చోట్ల ఉంది. ఇప్పుడు చాలామంది చేతుల్లో బ్యాటరీ డాప్లర్ కనబడుతోంది. ఏది వాడినా, వినేటప్పుడు నర్సమ్మ రెండో చేయి తల్లి మణికట్టు మీద ఉంటుంది. తల్లి నాడినే బిడ్డ గుండె అనుకునే పొరపాటు జరగకుండా ఆ ఏర్పాటు. నిమిషానికి 120 నుంచి 160 దాకా బిడ్డ గుండె కొట్టుకుంటుంది. డాప్లర్ ఉంటే ఆ టకటకలు తల్లికి కూడా వినిపిస్తాయి.

బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని 30 వారాలప్పుడు చేతికి తెలిసినా మంచి నర్సమ్మ కంగారు పెట్టదు. అప్పటికి అలా ఉన్న పిల్లల్లో చాలామంది 36 వారాలలోపు వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారు. కార్డులో రాసుకుంటుంది, పై నెల తప్పకుండా రమ్మంటుంది. 36 దాటినా అలాగే ఉంటే డాక్టరు దగ్గరకి పంపుతుంది, కాన్పు పెద్దాసుపత్రిలోనే అని ఇంట్లోవాళ్ళతో ఖాయం చేస్తుంది. చేతికి దొరికిన సంగతి ఏ వారంలో మాటగా బయటపెట్టాలో తెలియడం కూడా ఈ పనిలో భాగమే.

స్కానింగ్ ఉండగా ఈ తడమడం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. 18–20 వారాల మధ్య మనవాళ్ళు టిఫా అని పిలిచే స్కానింగ్‌లో బిడ్డ అవయవాలు, మాయ ఉన్న చోటు తెలుస్తాయి. అది చేయితో తెలిసే సంగతి కాదు, తప్పకుండా తీయించుకోవాలి. ఆడా మగా అని అడగడం, చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. స్కానింగ్ ఆ రోజుటి సంగతి చెబుతుంది. చేయి ప్రతి రాకకీ చెబుతుంది, ఖర్చు లేకుండా.

బీపీ పట్టీ

లంక నుంచి పడవ దిగి, ఎండలో గట్టెక్కి, ఆయాసపడుతూ వచ్చిన మనిషికి వెంటనే పట్టీ కడితే వచ్చేది దారి బీపీ. అందుకే ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తుంది. ఐదు నిమిషాలాగి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, చేయి గుండె మట్టానికి తెచ్చి అప్పుడు కడుతుంది. పట్టీ కింద నాడి చప్పుడు వింటూ పైఅంకె, కిందిఅంకె పట్టే పద్ధతి రష్యన్ వైద్యుడు కొరొత్కోవ్ 1905లో చెప్పినది.

గర్భిణి బీపీకి ఒక నడక ఉంది. నాలుగైదు నెలలకి సహజంగా కొంచెం తగ్గుతుంది, ఏడో నెల తరవాత మెల్లగా మామూలుకి వస్తుంది. మొదటి చూపు ఆరో నెలలో పడితే 120/80 ఎంతో బాగున్నట్టుంటుంది. మూడో నెలలో ఆవిడది 95/60 అని తెలిసిన నర్సమ్మకి అదే 120/80 అనుమానంగా కనబడుతుంది. వారం లోపే మళ్ళీ రమ్మంటుంది. 140/90కి గాని చేరిందంటే కనీసం నాలుగు గంటల ఎడంతో మళ్ళీ చూసి, ఎక్కువే ఉంటే డాక్టరుకి అప్పగించాలి. 160/110 అయితే ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి.

బీపీతో పాటు మూత్రంలో ఆల్బుమిన్ కూడా కనబడితే పెద్దవాళ్ళు గుర్రపువాతం అని భయపడిన జబ్బు తలుపు దగ్గరకి వచ్చినట్టే. తలనొప్పి తగ్గకపోవడం, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం ఉబ్బడం దాని గుర్తులు. సాయంత్రానికి పాదాలు కొంచెం వాయడం చాలామందికి మామూలే. పొద్దున్నే లేచేసరికి ముఖం, చేతులు ఉబ్బి గాజులు బిగుసుకుంటే మాత్రం అది వేరు. తూకం ఇక్కడ సాక్ష్యానికి వస్తుంది. నాలుగో నెల నుంచి నెలకి సుమారు రెండు కిలోలు పెరగడం సహజం. ఒక్క నెలలో మూడు కిలోలు దాటితే అది తిండి వల్ల వచ్చినది కాకపోవచ్చు, ఒంట్లో నీరు నిలవచ్చు. ఇంత గమనించినా ఒక్కోసారి ఫిట్స్ వచ్చేస్తాయి. అప్పుడు మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ మొదటి మోతాదు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపే అధికారం, శిక్షణ ఏఎన్ఎంకి ఉన్నాయి.

రక్తం, మూత్రం, గ్లూకోజు

ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వరసగా చెబుతున్నాయి. మూడు పంటలు పండే డెల్టాలో కూడా కంచంలో తెల్లన్నం గుట్టగా, కూర గరిటెడుగా ఉండే ఇళ్ళున్నాయి. నర్సమ్మ ముందు కింది కనురెప్ప దించి చూస్తుంది, తర్వాత అరచెయ్యి, నాలుక. కన్ను చెప్పింది సూది నిర్ధారించాలి. హిమోగ్లోబిన్ 11 గ్రాములుంటే నిశ్చింత. 10 నుంచి 10.9 స్వల్పం, 7 నుంచి 9.9 మధ్యస్థం. 7 కంటే దిగితే ఆసుపత్రికి పంపాలి.

ఇక్కడా వరసే ముఖ్యం. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో నీటిపాలు పెరిగి రక్తం పలచబడుతుంది కాబట్టి ఆరో నెలలో అంకె కొంచెం దిగడం సహజం. నెల రోజులు మాత్రలు వేసుకున్నాక కూడా తొమ్మిది తొమ్మిదిగానే ఉంటే నర్సమ్మకి రెండు అనుమానాలు వస్తాయి. జబ్బు వేరే ఉందా, మాత్రలు చూరులో ఉన్నాయా? నాలుగో నెల నుంచి 180 రోజులు ఐరన్ మాత్ర, రోజుకి రెండు చొప్పున కాల్షియం మాత్రలు, ఒకసారి నులిపురుగుల మాత్ర ఇస్తారు. "ఆయ్, రోజూ ఏసుకుంటున్నానండి" అన్న జవాబు వినగానే ఆవిడ ఇంకో ప్రశ్న వేస్తుంది. "విరేచనం నల్లగా అవుతోందా?" కాకపోతే మాత్ర లోపలికి వెళ్ళడం లేదు. తిట్టదు. వికారమా, మలబద్ధకమా కనుక్కుని, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంటుంది. టీతో, పాలతో వద్దంటుంది, కాల్షియం మాత్రని వేరే పూటకి మారుస్తుంది. నిమ్మకాయ పిండుకున్న పప్పన్నం తిన్న పూట మాత్ర బాగా పడుతుందని చెబుతుంది.

రక్తం తీసినప్పుడే గ్రూపు, హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా అవుతాయి. గ్రూపు నెగెటివ్ వస్తే డాక్టరు చూపు ప్రత్యేకంగా కావాలి. షుగర్ కోసం 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తరవాత రక్తం చూస్తారు. 140 గాని, అంతకు మించి గాని ఉంటే గర్భంలో వచ్చిన షుగరు. పరగడుపున రానక్కర్లేదు. తాగిన అరగంట లోపు వాంతి అయితే ఆ రోజు పరీక్ష లెక్కలోకి రాదు. మొదటిసారి మామూలుగా వచ్చినవాళ్ళకి కూడా 24–28 వారాల మధ్య మళ్ళీ చేయాలి. ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్లు నెల ఎడంతో రెండు. మూడేళ్ళ లోపు కాన్పులో వేయించుకుని ఉంటే ఒకటే చాలు.

మాటలు

పరీక్ష అయ్యాక చెప్పే మాటలకి కూడా నేర్పు కావాలి. వినేది ఒక్క కోడలే కాదు, పక్కన అత్తయ్యగారున్నారు. బొప్పాయి వద్దు, గుడ్డు వేడి, ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుంది అన్నవి ఆవిడ తన అత్తగారి దగ్గర విన్న మాటలు. వాటి మీద యుద్ధం ప్రకటిస్తే ఆ కోడలు పై నెల రాదు. "బొప్పాయి మీ ఇష్టం, మానేయండి. గుడ్డు మాత్రం నా మాట మీద రోజూ ఒకటి పెట్టండి" అని బేరం కుదుర్చుకునే నర్సమ్మలున్నారు. మునగాకు పప్పు, గోంగూర, శనగలు, కాలవ చేపలు. పులసే కానక్కర్లేదు, చిన్న చేపలు ఇంకా మంచివి.

ఈ విద్యని తెలుగు ఇళ్ళలోకి తెలుగులోనే తీసుకువెళ్ళిన పెద్దల్లో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ముందువరసలో ఉంటారు. కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి ఎన్నికైన నాయకురాలు. వైద్యురాలిగా ఆవిడ రాసిన 'ప్రసూతి – శిశుపోషణ' ఇంగ్లీషు రాని ఆడవాళ్ళ చేతికి ఈ విషయాలన్నీ అందించింది. సబ్ సెంటర్ బల్ల దగ్గర ఇప్పుడు నడిచే సంభాషణ ఆ పనికి కొనసాగింపే.

అయిదో నెల దాటాక నర్సమ్మ ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుంది. "కదలికలు ఎలా ఉన్నాయమ్మా?" ఆ పరీక్ష తల్లి చేయాల్సినది. చివరి నెలల్లో పన్నెండు గంటల్లో పది కదలికలు కూడా లెక్కకి రాకపోతే, లేదా రోజూ ఉండే తీరు ఒక్కసారిగా తగ్గితే, తెల్లారేదాకా ఆగకూడదు. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, జ్వరం తగిలినా అంతే.

కార్డు

ఇన్ని కొలతలకీ చోటిచ్చేది తల్లీబిడ్డల సంరక్షణ కార్డు. నూనె మరకలు పడి, మడతల దగ్గర చిరిగి ఉంటుంది. అయినా దాని అమరిక గొప్పది. ప్రతి రాకకీ ఒక నిలువు గడి, పక్కన కిందటిది. బీపీ కింద బీపీ, బరువు కింద బరువు కాకుండా, పక్కపక్కన పడతాయి కాబట్టి కన్ను అడ్డంగా వెళితే చాలు, నడక తెలిసిపోతుంది.

డెల్టాలో ఈ కార్డు లేకపోతే వరస తెగిపోయే సందర్భం ఒకటి ప్రతి తొలిచూలుకీ వస్తుంది. అమలాపురం కోడలు శ్రీమంతం చేయించుకుని, చలిమిడి తీసుకుని, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తణుకులో పుట్టింటికి వెళుతుంది. అంతదాకా చూసిన చేతులు ఇక్కడే ఉండిపోతాయి. సరిగ్గా బీపీ ఎగబాకే కాలంలో ఆవిడ కొత్త నర్సమ్మ ముందు కూర్చుంటుంది. కార్డు నిండుగా ఉంటే ఆ నర్సమ్మకి మూడో నెల బీపీ కూడా కళ్ళ ముందుంటుంది. గడులు ఖాళీగా ఉంటే మళ్ళీ మొదటి రోజే. కార్డులో తను రాసేది తను ఎప్పుడూ చూడని ఇంకో నర్సమ్మ చదువుతుందని తెలిసి, అంకె అంకెగా విడమరిచి రాసే చేతిరాతకి దణ్ణం పెట్టాలి. ప్రైవేటు ఆసుపత్రిలో కూడా చూపించుకునేవాళ్ళు ఆ ఫైలు సబ్ సెంటర్‌కీ, ఈ కార్డు ఆసుపత్రికీ తీసుకెళ్ళాలి. రెండు చోట్ల సగం సగం వరసలుంటే ఎవరికీ పూర్తి నడక కనబడదు.

2016 నుంచి నెలనెలా 9వ తారీకున ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టరు గర్భిణుల్ని ఉచితంగా చూసే ఏర్పాటుంది. ప్రమాదం ఉందనుకుంటే కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు, లేకపోతే ఆకుపచ్చ. మొదటి కాన్పు సిజేరియన్ అయినా, తీవ్ర రక్తహీనత, కవలలు ఉన్నా ఎరుపే. ఎరుపు పడ్డవాళ్ళకి కాకినాడ, రాజమండ్రి లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రికి ముందే దారి వేసి పెడతారు.

ఆకుపచ్చ చూసి పూర్తిగా నిశ్చింతపడటానికి లేదు. కాన్పయ్యాక ఆగని రక్తస్రావం ఏ గడిలోనూ తప్పు లేనివాళ్ళకీ రావచ్చు. అందుకే చివరి చూపులో నర్సమ్మ పొట్టతో పాటు ఇంటిని కూడా పరీక్షిస్తుంది. ఏ ఆసుపత్రి అనుకున్నారు? రాత్రిపూట బండి ఎవరిది? రక్తం ఇచ్చేవాళ్ళు ఇద్దరి పేర్లు చెప్పండి. పెద్ద పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? రాష్ట్రంలో నూటికి 96 మందికి పైగా ఇప్పుడు ఆసుపత్రుల్లోనే కంటున్నారు. ఆసుపత్రికి చేరడం ఒక్కటే సరిపోదు, వేళకి చేరాలి.

ఈ పనితనం ప్రతిచోటా ఇంత బాగా లేదు. రద్దీలో టేపు తీయని రోజులుంటాయి, బీపీ గడిలో అలవాటుగా 120/80 పడే కార్డులుంటాయి. తేడా పట్టుకోవడానికి గర్భిణికి వైద్యం తెలియక్కర్లేదు. బల్ల దిగాక ఒక్క మాట అడిగితే చాలు. "కిందటిసారికీ ఇప్పటికీ ఏం మారిందండి?" చేయి తిరిగిన నర్సమ్మ ఆ ప్రశ్నకి చిరాకు పడదు. కార్డు తిప్పి, పక్క గడి మీద వేలు పెట్టి, బరువు ఇంత పెరిగింది, బీపీ ఇంతే ఉంది, రక్తం అరగ్రాము ఎక్కింది, బిడ్డ తల కిందికి తిరిగింది అని వరసగా చదివి వినిపిస్తుంది. అలా చదివి వినిపించే నర్సమ్మ దొరికితే పై నెల వెళ్ళడం మానకండి. ఆవిడ పనిలో సగం ఆవిడ చేతిలో ఉంది, రెండో సగం మీరు మళ్ళీ వెళ్ళడంలో ఉంది.